ముద్రవేసిన లకోటా

పాలకీడు వంటి పల్లెలో ఒక రైతుబిడ్డపై ఠాణాలో కేసు నమోదైనచో ఆ యింటివారికి మొదట కావలసినది వకీలు గాదు, కాగితము. ఎవరి ఫిర్యాదుపై, ఏ సెక్షను క్రింద, ఏమి వ్రాసికొనిరో తెలియనిదే వకీలు మాత్ర మేమి చెప్పగలడు? నిజాము కాలమున ఈ ప్రాంతపు కచ్చేరీలలో వ్యవహారమంతయు ఉర్దూలో నడచెడిది. దస్తావేజు కన్నులయెదుట నున్నను తెలుగు రైతున కది మూసిన పెట్టెయే. నాడు భాష చేసిన పనిని నేడు లకోటాపై లక్కముద్ర చేయుచున్నది.

ప్రథమ సమాచార నివేదికను 24 గంటలలో పోలీసు వెబ్‌సైటునం దుంచవలయునని 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. లైంగిక నేరములు, ఉగ్రవాదము మున్నగువానిని మినహాయించినది. అది న్యాయమే, బాధితురాలి పేరు బజారున బడరాదు. కాని 2023 జనవరి 20న అదే న్యాయస్థానము అభియోగపత్రముల నట్లు బహిరంగపరచ నక్కరలేదన్నది. పరీక్షింపబడని ఆరోపణ ప్రకటింపదగినదై, దర్యాప్తు ముగించి సిద్ధపరచిన పత్రము దాచదగిన దెట్లగునో మాకు బోధపడలేదు.

పెద్దల విషయమున ముద్ర మరింత గట్టిది. అమరావతి భూముల క్రయమునుగూర్చి ఒక పూర్వ అడ్వకేటు జనరలు మున్నగువారిపై అవినీతి నిరోధక శాఖ నమోదుచేసిన నివేదికలోని సంగతులను పత్రికలు ప్రకటింపరాదని 2020 సెప్టెంబరు 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిషేధించెను. నవంబరు 25న సుప్రీంకోర్టు ఆ నిషేధమును నిలిపివేసినది. పాలకీడు రైతున కిట్టి రక్షణ ఎన్నడైన లభించెనా?

ఇక దిశ కేసు. 2019 డిసెంబరు 6 వేకువన షాద్‌నగరు చెంత చటాన్‌పల్లి యొద్ద నలుగురు నిందితులు పోలీసుల తుపాకులకు బలియైరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. చదువరులలోను నాడు సంతసించినవారు లేకపోలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ విచారణ సంఘము 2022 జనవరిలో తన నివేదికను ముద్రవేసిన లకోటాలో సమర్పించినది. దానిని అట్లే యుంచుడని తెలంగాణ ప్రభుత్వ న్యాయవాది ప్రార్థించెను. ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువాడే, ఎన్. వి. రమణ ధర్మాసనము మే 20న అందుల కంగీకరింపక నివేదికను కక్షిదారుల కిప్పించి, వ్యవహారమును తెలంగాణ హైకోర్టునకు బంపినది. పోలీసులు చంపు తలంపుతోనే కాల్చిరనియు, పదిమందిని హత్యానేరమునకు విచారింపవలయుననియు, మృతులలో ముగ్గురు బాలురే యనియు అందుండెను. లకోటా విప్పకున్న ఆ బిడ్డల తండ్రుల కీ మాట యెన్నటికి చేరెడిది? నివేదిక వేదవాక్యమని మే మనము. పోలీసు అధికారులు దానిని హైకోర్టులో ప్రశ్నించిరి. ప్రశ్నింపగలిగినదియు అది వెలికి వచ్చుటచేతనే గదా!

2024 జూలై 1 నుండి అమలైన నాగరిక సురక్షా సంహిత ప్రకారము ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఫిర్యాదుదారునకును బాధితునకును ఉచితముగా నీయవలయును. అభియోగపత్రము మొదలగువాని ప్రతులను నిందితునకు 14 దినములలో, రుసుము లేక, అందింపవలయును. ఠాణా మెట్లెక్కు రైతు ఈ రెండు మాటలు నోటనుంచుకొని యెక్కుట మంచిది.