సెర్చ్ ఫలితాలలో వ్యాపార వెబ్‌సైటు స్థానం

వ్యాపార సంస్థ వెబ్‌సైటును ఎలా ఏర్పాటు చేసుకుంటుందో గత భాగంలో చదివారు. అయితే వెబ్‌సైటు ఉన్నంత మాత్రాన కొనుగోలుదారు అక్కడికి రాడు. సందు చివరి దుకాణానికి దారి చెప్పేవారు ఉండాలి. ఇంటర్నెట్‌లో ఆ పనిని ఎక్కువగా సెర్చ్ ఇంజిన్లు చేస్తాయి. మనం ఏదైనా వెతికినప్పుడు వచ్చే ఫలితాలలో కొన్నింటికి ప్రకటన అన్న గుర్తు ఉంటుంది. వాటికి సంస్థ డబ్బు చెల్లిస్తుంది. మిగిలినవి చెల్లింపుతో నిమిత్తం లేకుండా వచ్చేవి. వీటిని సహజ ఫలితాలు అంటారు. సహజ ఫలితాలలో పై స్థానం కోసం చేసే కృషే సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్. వ్యవహారంలో దీనిని ఎస్ఈఓ అంటున్నారు.

మీలో కొందరు చదువు పూర్తయ్యాక ఈ పనిలోనే చేరవచ్చు. మరికొందరు సొంత వ్యాపారం కోసం ఈ పనిని ఇంకొకరికి అప్పగించవచ్చు. ‘మొదటి స్థానం గ్యారంటీ’ అంటూ నెలకింత అని వసూలు చేసేవారు ఈ రంగంలో చాలామంది ఉన్నారు. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ సంస్థే స్పష్టంగా చెబుతోంది. ఎందుకు ఇవ్వలేరో అర్థం కావాలంటే స్థానం ఎలా నిర్ణయమవుతుందో తెలియాలి.

స్థాన నిర్ణయం

సెర్చ్ ఇంజిన్‌కు చెందిన బోట్ అనే ప్రోగ్రామ్ లింకుల వెంట ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళుతూ అక్కడున్న సమాచారాన్ని సేకరిస్తుంది. సేకరించినదానితో ఒక సూచిక తయారవుతుంది. పుస్తకం చివర ఏ పదం ఏ పేజీలో ఉందో తెలిపే పదసూచిక వంటిదే ఇది. మనం వెతికేది ఈ సూచికలోనే గాని, ఆ క్షణాన ఇంటర్నెట్ మొత్తంలో కాదు. సూచికలో చేరని పేజీకి స్థానం అన్న ప్రశ్నే లేదు.

ఒకే పదం లక్ష పేజీలలో ఉంటే ఏది ముందు రావాలి? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులుగా ఉన్న సెర్గీ బ్రిన్, లారీ పేజ్ 1998లో దీనికొక జవాబు చూపారు. దాని పేరు పేజ్‌ర్యాంక్. పరిశోధన చేసినవారికి ఈ ఆలోచన కొత్తది కాదు: ఒక వ్యాసాన్ని ఎందరు ఉదహరించారు, ఉదహరించినవారు ఎంతటివారు అని చూడటం మాకు అలవాటే. ఇక్కడ లింకే ఉదహరింపు. సరళంగా చెప్పాలంటే, ఒక పేజీకి ఉన్న విలువ అది ఇచ్చే లింకులకు సమానంగా పంపకమవుతుంది. 2 లింకులు ఇచ్చే పేజీ నుంచి ఒక్కోదానికి సగం వెళుతుంది. అంతే విలువ ఉండి 100 లింకులు ఇచ్చే పేజీ నుంచి నూరోవంతే వెళుతుంది. నేడు గూగుల్ ఇంకా ఎన్నో అంశాలను పరిశీలిస్తోంది గాని, ఇతరుల సాక్ష్యం అన్న ఆ మూలసూత్రం పోలేదు.

సాక్ష్యానికి విలువ ఉన్నచోట దొంగసాక్ష్యం కూడా పుడుతుంది.

జేసీ పెన్నీ ఉదంతం

జేసీ పెన్నీ 1902లో మొదలైన అమెరికన్ రిటైల్ సంస్థ. 2010 చివర, అక్కడి పండుగ కొనుగోళ్ల కాలంలో గూగుల్‌లో దుస్తులు, పడక సామగ్రి, తివాచీలు వంటి పదాలు ఏవి వెతికినా ఈ సంస్థే పైన కనిపించేది. సామ్సొనైట్ పెట్టెల కోసం వెతికితే సామ్సొనైట్ సొంత వెబ్‌సైటు కంటే ముందు వచ్చేది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక నిపుణుడి చేత పరిశీలన చేయించి, 2011 ఫిబ్రవరిలో కారణం ప్రచురించింది. దుస్తులకు సంబంధించిన పదబంధాలతో జేసీ పెన్నీకి లింకులు ఇస్తున్న పేజీలు 2,015 బయటపడ్డాయి. అవి ఉన్న సైట్లేమో గురక గురించి, చేపలు పట్టడం గురించి, దంతవైద్యుల గురించి! గురక సైటు గౌనుకు సాక్ష్యం చెప్పడంలో అర్థమేమిటో ఊహించుకోండి.

గూగుల్ చర్య తీసుకుంది. పత్రిక పరిశీలించిన 59 పదాలకు ఆ సంస్థ సగటు స్థానం ఫిబ్రవరి 1న 1.3 ఉండగా, 10వ తేదీకి 52కు పడిపోయింది. సామ్సొనైట్ పెట్టెల విషయంలో రెండు గంటలలోనే 1 నుంచి 71కి జారింది. లింకుల సంగతి తమకు తెలియదని సంస్థ ప్రకటించి, ఎస్ఈఓ పని చూస్తున్నవారిని తొలగించింది. తెలియకపోయినా నష్టం తప్పలేదన్నది వాణిజ్య విద్యార్థులు గమనించాలి: పని చేసినది ఏజెంటు, స్థానం పోయినది యజమానిది. అంత పెద్ద సంస్థ తట్టుకుంది. ఒకే దుకాణం మీద బతికే కుటుంబం తట్టుకోగలదా అన్నది వేరే ప్రశ్న. మరుసటి ఏడాది, 2012 ఏప్రిల్‌లో, ఇటువంటి లింకులను యాంత్రికంగానే పట్టుకునే పెంగ్విన్ అనే మార్పును గూగుల్ ప్రవేశపెట్టింది.

చిన్న వ్యాపారి చేయగలిగినది

మరి లింకులు కొనకుండా ముందుకు రావడం ఎలా? మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక దుకాణం ఉందనుకుందాం. మన ప్రాంతంలో తరచుగా కనిపించే లోపంతో మొదలుపెడతాను. కరపత్రం కోసం డీటీపీ సెంటరులో అను ఫాంటుతో టైపు చేయించిన మ్యాటరునే బొమ్మగా మార్చి వెబ్‌సైటులో పెడతారు. కంటికి అందంగానే ఉంటుంది. కాని అటువంటి పాత ఫాంట్లలోని తెలుగు కంప్యూటరుకు తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల స్థానంలో తెలుగు ఆకారాలు గీసిన ఏర్పాటు మాత్రమే. దానిని బొమ్మగా పెడితే సెర్చ్ ఇంజిన్‌కు నమ్మకమైన పాఠ్యం దొరకదు. యూనికోడ్‌లో తిరిగి టైపు చేయించడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని.

తరువాతది కొనుగోలుదారు భాష. ‘మా ప్రత్యేకతలు’ అన్న శీర్షికతో ఎవరూ వెతకరు. నిజాం అంచు చీర ఎలా ఉంటుంది, కాటన్ చీర రంగు పోకుండా మొదటిసారి ఎలా ఉతకాలి, చేనేతను మరమగ్గం బట్ట నుంచి ఎలా గుర్తుపట్టాలి అని వెతుకుతారు. ఇవి కౌంటరు దగ్గర రోజూ వినిపించే ప్రశ్నలే. ఒక్కోదానికి ఒక్కో పేజీలో, స్పష్టమైన శీర్షికతో, సొంత ఫొటోలతో జవాబు రాస్తే చాలు. చేనేత, మరమగ్గాల తేడాను నేత తెలిసినవారు రాస్తే ఇతరులు తమంతట తామే దానికి లింకు ఇస్తారు. కొనకుండా వచ్చే సాక్ష్యం అదే. తెలుగువారిలో చాలామంది తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తారు కాబట్టి, ఊరి పేరు, చీర రకం పేరు ఇంగ్లీషులోనూ ఉండాలి. అదే పదాన్ని పేరాకు పదిసార్లు ఇరికించడం మాత్రం పనికిరాదు. కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ను స్థాన నిర్ణయానికి వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించినా, దానికి నేటికీ రుసుము తీసుకునేవారున్నారు.

దగ్గరలోని దుకాణాల కోసం వెతికినప్పుడు సంబద్ధత, దూరం, ప్రసిద్ధి అనే మూడింటిని గూగుల్ చూస్తుంది. దూరాన్ని మార్చలేం. మ్యాప్‌లో దుకాణం వివరాలు ఉచితంగా నమోదు చేసి, వేళలు, ఫోన్ నంబరు సరిగా ఉంచడం మన చేతిలోనిదే.

అభ్యాసం: మీ ఊరిలో వెబ్‌సైటు ఉన్న ఒక దుకాణాన్ని ఎంచుకోండి. దుకాణం పేరు వాడకుండా, అక్కడ దొరికే వస్తువు కోసం తెలుగులోను, ఇంగ్లీషు అక్షరాలలోను వెతికి, అది ఎన్నో స్థానంలో ఉందో రాసుకోండి. తరువాత ఆ వెబ్‌సైటు తెరిచి, అందులోని తెలుగు వాక్యాన్ని మౌస్‌తో సెలెక్ట్ చేసి చూడండి. అక్షరాలు విడిగా సెలెక్ట్ కాకపోతే అది బొమ్మ అయివుండవచ్చు. యజమానికి మీరిచ్చే మొదటి సలహా ఏమిటో, ఎందుకో పది వాక్యాలలో రాయండి.