జూలు మాటున గాయం

2018 అక్టోబరు 15. అమెరికాలోని ఇండియానాపొలిస్ జంతు ప్రదర్శనశాలలో సింహాల ఆవరణ నుంచి ఎన్నడూ లేనంతగా గర్జనలు వినబడి ఉద్యోగులు పరుగెత్తారు. ఆడసింహం జూరీ తన జతగాడైన న్యాక్ మెడ కరిచి పట్టుకొని వున్నది. ఎంత అదిలించినా, అతనిలో కదలిక ఆగేదాకా విడిచిపెట్టలేదు. ఎనిమిదేళ్ళు కలిసి వుండి ముగ్గురు పిల్లల్ని కన్న జంట అది! మెడ గాయాలవల్ల ఊపిరాడక చనిపోయాడని శవపరీక్షలో తేలింది.

చనిపోయాక చెప్పడం ఒక ఎత్తు. కొనప్రాణంతో వుండగా కనిపెట్టడం మరొక ఎత్తు. పులి కోర రెండు మూడంగుళాల పొడవు. బయట చూస్తే చిన్న చిల్లు, దానిమీద దట్టమైన బొచ్చు. మగసింహమైతే జూలు కూడాను. లోపల ఏం తెగిందో ఎవరికి తెలుసు? మెడ, పీక, గొంతు, కుత్తుక, కంఠం అని మనం ఎన్నో మాటలు వాడుకుంటాం. వైద్యుడికి అక్కడ కనబడేవి వేరు: ఊపిరిగొట్టం, అన్నవాహిక, వెన్నుపూసలు, ధమని, సిర, నరం. వీటిలో కోర దేన్ని తాకింది?

దగ్గరికి పోయి చూద్దామా అంటే, అది పులి గదా! ముందు బోను బయటినుంచే చూడాలి. ఊపిరి ఎలా తీస్తున్నది, మింగగలుగుతున్నదా, తల ఒక పక్కకు వాలుస్తున్నదా? అన్నిటికంటె చిత్రమైన ఆనవాలు కంటిలో వున్నది. ఒక కంటిపాప చిన్నదై, రెప్ప వాలి, లోపలి మూడో రెప్ప బయటికి వస్తే, మెడలో ధమనిని అంటిపెట్టుకొని పోయే నరం దెబ్బతిన్నదేమో అనుకోవాలి. నరం దెబ్బతింటే పక్కనున్న ధమనిని అనుమానించక తప్పదు.

ఆ తరువాత మత్తుసూది. అసలు సంకటం ఇక్కడే. నెత్తురు పోయిన జంతువుకు మత్తిస్తే ప్రాణానికి ముప్పు; ఇవ్వక కూర్చుంటే లోపల నెత్తురు కారుతూనే వుండవచ్చు. పైగా కొన్ని మత్తుమందులు నాళాలను ముడుచుకొనేట్టు చేసి చిగుళ్ళను పాలిపోయేట్టు చేస్తాయి. ఆ తెలుపు మందుదా, నెత్తురు పోయినందువల్ల వచ్చినదా? రక్తపరీక్ష కూడా మొదటి గంటల్లో మోసం చేస్తుంది. పోయేది ఎర్రకణాలూ ద్రవమూ కలిసిన నెత్తురు కాబట్టి, మిగిలినదాని చిక్కదనం వెంటనే తగ్గదు.

బొచ్చు గొరిగి, చేత్తో తడిమి చూస్తారు. వాపు నాడిలా కొట్టుకుంటుంటే, చీముగడ్డ అనుకొని సూది గుచ్చారో, కొంప మునిగినట్టే! చిరిగిన ధమని చుట్టూ నెత్తురు సంచికట్టి వుండవచ్చు. స్టెతస్కోపు ఆనిస్తే ఒక్కొక్కప్పుడు హోరు వినబడుతుంది. డాప్లర్ యంత్రం నెత్తురు ఏ దిక్కుకు, ఎంత వేగంతో పారుతున్నదో చూపుతుంది. నాళంలోకి అయొడిన్ మందు ఎక్కించి సి.టి. స్కాన్ తీస్తే ధమని ఎక్కడ చిరిగిందో బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. అయితే నూరూ రెండువందల కిలోల జంతువును ఆ బల్లమీదికి చేర్చాలి, మెలకువ రాకుండా కాపాడాలి.

అంతా బాగానే వున్నదని తిరిగి బోనులోకి పంపినా, ఆ నెత్తురు సంచి కొన్నాళ్ళకు పైకి తేలవచ్చు. అది ముందుగా పడేది రోజూ మాంసం వేసే కాపరి కంటనే.