గుర్తున్నదీ సాక్ష్యమే: జ్ఞాపకం ఎలా పనిచేస్తుంది?

'స్మృతి' అనగానే మనకు మనువే గుర్తొస్తాడు. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో తగలబెట్టింది ఆ స్మృతినే. వాళ్ళు గుర్తుపెట్టుకున్నది శాస్త్రమైంది, మనం గుర్తుపెట్టుకున్నది పుక్కిటి పురాణమైంది. అందుకే ఈ వ్యాసంలో స్మృతి అనం, జ్ఞాపకం అనే అంటాం.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కోసం గాజువాక చుట్టుపక్కల 60కి పైగా గ్రామాలు లేచిపోయాయి. పట్టా ఉన్నవాడి చేతిలో కాగితముంది. కూలికి పోయిన పేటవాళ్ళకు మిగిలింది జ్ఞాపకమే. 'సర్వే నంబరెంత? ఏ తారీఖున ఖాళీ చేశారు?' అనడిగితే నోరు పెగలదు. 'వీళ్ళకేం గుర్తులేదు' అని పక్కన పెట్టేస్తారు. అదే అవ్వను మీ పేట ఎలా ఉండేదని అడగండి. "సింతసెట్టు కాడ నుంచి నూతికి ఇప్పుడికీ కళ్ళు మూసుకుని ఎళ్ళిపోగల్ను బాబూ" అంటుంది. మరి గుర్తులేనిదేమిటి?

జ్ఞాపకం ఒక్కటి కాదు

విన్నదాన్ని కాసేపు పట్టి ఉంచేది తాత్కాలిక జ్ఞాపకం. అందులో ఒకేసారి ఏడు అంశాలు, అటూఇటుగా రెండు, పడతాయని 1956లో జార్జి మిల్లర్ రాశాడు. నాలుగే అని తర్వాతి పరిశోధకులు అన్నారు. గుమాస్తా గబగబా చదివిన నంబర్లు ఆఫీసు మెట్లు దిగేసరికి పోతే అది మన తెలివితక్కువతనం కాదు. కలెక్టరు బుర్రకైనా అంతే.

ఎక్కువకాలం నిలిచే జ్ఞాపకంలో రకాలున్నాయి. 1972లో ఎండెల్ టుల్వింగ్ రెండింటిని విడదీసి చూపాడు. ఢిల్లీ రాజధాని అన్నది విషయ జ్ఞాపకం. ఎప్పుడు, ఎక్కడ నేర్చుకున్నామో గుర్తుండనక్కర్లేదు. ఇల్లు వదిలిన రోజు ఎవరు ఏడ్చారు, బండిలో ఏం వేశారు అన్నది అనుభవ జ్ఞాపకం. సర్వే నంబరు మొదటి రకం. కాగితం ఏనాడూ చేతికి రానివాళ్ళకు అది గుర్తుండేదెలా?

మూడోది చేతుల జ్ఞాపకం. ఊడ్పులు, డప్పు దరువు, కొలిమి పని ఇందులోవి. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే అతనికి మూర్ఛ తగ్గడానికి మెదడులో రెండువైపులా హిప్పోకాంపస్ భాగాన్ని చాలావరకు తీసేశారు. ఆ తర్వాత కొత్త సంగతేదీ అతని బుర్రలో నిలవలేదు. కానీ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం రోజురోజుకీ బాగా నేర్చుకున్నాడు. నిన్న గీసిన సంగతి మాత్రం అతనికి తెలీదు. అంటే చేతికి తెలిసినది వేరే దారిలో నిలుస్తుందన్నమాట.

ఎవరికి ఏది గుర్తుంటుంది?

గుండె అదిరిన సంఘటనలు గట్టిగా పట్టుకుంటాయి. 1977లో బ్రౌన్, కులిక్ అనే ఇద్దరు అమెరికాలో విచారిస్తే, మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త విన్న క్షణం తెల్లవాళ్ళ కంటే నల్లవాళ్ళలో చాలా ఎక్కువమందికి గుర్తుంది. మనకూ అంతే. 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు మన వాడలకు తారీఖులు కావు, గాయాలు. పక్క వీధికి అవి పాత వార్తలు.

అయితే ఒక మాట దాచకూడదు. జ్ఞాపకం ఫోటో కాదు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ దాన్ని మళ్ళీ కట్టుకుంటామని 1932లోనే బార్ట్‌లెట్ చూపాడు. 1974లో లోఫ్టస్, పామర్ కార్ల ప్రమాదం సినిమా చూపించి వేగమెంత అనడిగారు. 'తగిలినప్పుడు' అని అడిగితే తక్కువ చెప్పారు, 'గుద్దుకుని నుజ్జయినప్పుడు' అంటే ఎక్కువ చెప్పారు. ప్రశ్నే జవాబును మార్చేసింది. ఒక వివరం తప్పింది కాబట్టి మొత్తం అబద్ధమనడం మాత్రం అన్యాయం. కాగితాలు రాసేవాళ్ళూ మనుషులే, వాళ్ళూ కొన్ని వదిలేస్తారు.

జ్ఞాపకానికి ఆసరా కావాలి. మనం గుంపులో ఉండే గుర్తుంచుకుంటామని 1925లో మారిస్ హాల్బ్‌వాక్స్ రాశాడు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 1966 నవంబరు 1న విశాఖలో జరిగిన కాల్పులను ఊరంతా తలుచుకుంటుంది. చెట్టూ నుయ్యీ శ్మశానమూ ఫ్యాక్టరీ గోడ లోపల పోయిన పేటకు ఆ ఆసరా ఏది?

మనం ఎలా అడగాలి?

తారీఖు అడగొద్దు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపనకు ముందా, తర్వాతా అనడగండి. 'మీకు అన్యాయం జరిగింది కదా' అని జవాబు మనమే అందించొద్దు. 'ఆ రోజేం జరిగింది?' అని వదిలేయండి. నలుగురినీ కూర్చోబెట్టే ముందు ఒక్కొక్కరి దగ్గరా విడిగా రాసుకోండి. నలుగురి మాటా కలిసినచోట బలమైన సాక్ష్యం ఉంటుంది, కలవనిచోట మళ్ళీ అడగాలి. పేట పటం నేలమీద వాళ్ళచేతే గీయించండి, చేతులు చాలా చెబుతాయి.

ఆనాడు ఇల్లు వదిలిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఈ పని రేపటికి వాయిదా వేసేది కాదు.