మీకు తెలుసా? టర్బో వేసే ప్రతి ఈలా జబ్బు కాదు

చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది అక్కడ మొదట కొనేది పాత కారే. ఒకప్పుడు సివిక్, సీఆర్-వీ లాంటి బళ్లలో టర్బో ఊసే ఉండేది కాదు. 2008లో అమెరికాలో అమ్మకానికి తయారైన కొత్త బళ్లలో టర్బో ఉన్నవి నూటికి మూడో నాలుగో. ఇప్పుడవి మూడో వంతు దాటాయి. 2016 మోడల్ సివిక్‌కు, 2017 మోడల్ సీఆర్-వీకి హోండా 1.5 లీటర్ల టర్బో ఇంజిన్ పెట్టింది. ఆ బళ్లన్నీ ఇప్పుడు పాత కార్ల బజారులో ఉన్నాయి. టెస్ట్ డ్రైవ్‌లో సన్నటి ఈల వినిపించగానే కొందరు బెదిరి తాళాలు తిరిగిచ్చేస్తారు, ఇంకొందరు పట్టించుకోకుండా సంతకం పెట్టేస్తారు. రెండూ తొందరపాటే. ఈల ఉందా లేదా అన్నది కాదు, అది దేన్ని బట్టి పెరుగుతోందో, దేన్ని బట్టి తగ్గుతోందో చూడాలి.

1. సెకనుకు 2,500 చుట్లు
ఇంజిన్ బయటికి వదిలే వేడి పొగతోనే టర్బో తిరిగి, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపుతుంది. చిన్న కారు టర్బో నిమిషానికి లక్షన్నర చుట్లు తిరగడం మామూలే. అంటే సెకనుకు 2,500. ఆ వేగంలో ఇరుసు బరువు ఏ పక్కకైనా రవంత ఎక్కువుంటే 2,500 హెర్ట్జ్ ఈల పుడుతుంది. మన చెవికి చక్కగా వినిపించే స్థాయి అది. చక్రానికి పన్నెండు రెక్కలుంటే అవి గాలిని కోసే శబ్దం 30,000 హెర్ట్జ్ అవుతుంది. మనిషి చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అది మనకు వినపడదు. అందుకే తయారీదార్లు ఇరుసునీ చక్రాలనీ అతివేగంగా తిప్పి మరీ తూకం సరిచూస్తారు. ఎక్కడో చవగ్గా రిపేరు చేయించిన టర్బో కొత్తగా ఈల మొదలుపెట్టిందంటే, ఆ తూకం దగ్గర ఎవరో చెయ్యి దులుపుకున్నారని అనుమానించవచ్చు.

2. పేటెంటు స్విట్జర్లాండ్‌ది, పరీక్ష కొలరాడో కొండ మీద
పొగతో తిరిగే కంప్రెసర్ ఆలోచనకు స్విస్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు తీసుకున్నాడు. విమానాలు పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడి ఇంజిన్లు నీరసించేవి. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ 1918లో లిబర్టీ విమాన ఇంజిన్‌ను 14,000 అడుగులు దాటిన పైక్స్ పీక్ శిఖరం మీదికి లారీలో ఎక్కించి, టర్బో బిగించి, అక్కడా దాని బలం తగ్గదని నిరూపించాడు.

3. హ్యూస్టన్‌లో నెమ్మది, డెన్వర్‌లో గోల
పైక్స్ పీక్ పాఠం పాత కారు కొనేవాళ్లకూ పనికొస్తుంది. డెన్వర్ ఊరు 5,280 అడుగుల ఎత్తున ఉంది. పల్చటి గాలిని అదే ఒత్తిడికి తేవాలంటే టర్బో మరింత వేగంగా తిరగాలి. అందువల్ల ఈల స్వరం పెరుగుతుంది. సముద్రమట్టానికి దగ్గరున్న హ్యూస్టన్‌లో నడిపి చూసిన మోడలే డెన్వర్‌లో కాస్త గట్టిగా కూస్తే, అంతమాత్రాన బండి పాడైనట్టు కాదు.

4. నేరం టర్బోది కాకపోవచ్చు
బండిని పార్క్‌లో ఉంచి 3,000 చుట్ల దాకా రేజ్ చేయండి. బరువు లాగే పని లేదు కాబట్టి టర్బో పెద్దగా కష్టపడదు. అయినా కూత గట్టిగా వస్తోందంటే ముందు ఆల్టర్నేటర్‌నీ, బెల్టు కప్పీలనీ, పవర్ స్టీరింగ్ పంపునీ అనుమానించాలి. రోడ్డెక్కాక యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా రొద తగ్గక, బండి వేగాన్ని బట్టే మారుతుంటే అది చక్రాల బేరింగుదో గేర్‌బాక్సుదో అయి ఉండాలి. ఎత్తు ఎక్కేటప్పుడు, హైవేలోకి దూకేటప్పుడు పెరిగి, కాలు తీయగానే అణిగే ఈల మాత్రమే టర్బోది.

5. ఒక్కో లోపానికి ఒక్కో గొంతు
- యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమని గాలి పోతూ, బండి లాగకపోతే, టర్బో పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు చిరిగి ఉండాలి, లేదా క్లాంపు వదులై ఉండాలి. తక్కువ ఖర్చుతో తేలిపోయే రిపేరు ఇది.
- చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టకటకమని, వేడెక్కాక తగ్గితే టర్బో ముందున్న మానిఫోల్డు దగ్గర పొగ లీకవుతూ ఉండవచ్చు.
- వదులైన రేకులా గలగలలాడితే, ఎక్కువైన పొగను టర్బో పక్కనుంచి మళ్లించే వేస్ట్‌గేట్ చూడాలి. బీఎండబ్ల్యూ 335ఐలోని ఎన్54 జంట టర్బో ఇంజిన్లకు ఈ పేరు బాగా ఉంది.
- పోలీసు సైరన్‌లా లేచి పడే కూత వస్తే బేరింగు అరిగి చక్రం గోడకు రాసుకుంటోందని అనుమానం. ఇది పెద్ద ఖర్చు. దీనికి తోడు నీలిపొగ కూడా వస్తే ఆ బండి జోలికి పోకపోవడమే మంచిది.

6. ఇరుసు కాస్త ఊగడం ఆరోగ్యమే
చాలా టర్బోల్లో ఇరుసు నేరుగా లోహాన్ని ఆనుకోదు, పల్చటి ఆయిల్ పొర మీద తేలుతుంది. కాబట్టి ఇంజిన్ ఆపి, చల్లారాక, గాలి పైపు విప్పించి మెకానిక్ చక్రాన్ని వేలితో కదిపితే పక్కలకు కొంచెం ఊగుతుంది. ఊగినప్పుడు రెక్క గోడకు తగలకూడదు. ముందుకీ వెనక్కీ మాత్రం చేతికి తెలిసేంత కదలిక ఉండకూడదు. రెక్కల అంచులు విరిగినా, వంగినా ఇక వినాల్సిన పనే లేదు. పైపులో పల్చటి ఆయిల్ తడి కనిపిస్తే కంగారు పడొద్దు. మడుగు కట్టి ఉంటేనే ఆలోచించాలి.

7. టర్బోను చంపేది ఎక్కువగా ఆయిలే
ఆయిల్ మార్చడం ఆలస్యమైనకొద్దీ మడ్డి పేరుకుంటుంది. 2000ల నాటి సుబారు లెగసీ జీటీ, ఔట్‌బ్యాక్ ఎక్స్‌టీ బళ్లలో టర్బోకు ఆయిల్ వెళ్లే దారిలోని చిన్న జల్లెడ మూసుకుపోయి, టర్బోలు ఎండిపోయి పాడైన సంగతి అమెరికన్ మెకానిక్‌లకు బాగా తెలుసు. వేడి మరో శత్రువు. ఇంజిన్ ఆపగానే టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. అందుకే 1980లలో పోర్షే తన 944 టర్బోకు, ఇంజిన్ ఆగాక కూడా నీళ్లు తిప్పే ఎలక్ట్రిక్ పంపు పెట్టింది. అమ్మేవాళ్లను ధర కంటే ముందు అడగాల్సినవి ఆయిల్ మార్పించిన రసీదులు.

8. సీసా నింపలేక టర్బో పీకించుకున్న కారు
అమెరికా తొలి టర్బో కార్లు రెండూ 1962లో జనరల్ మోటార్స్ నుంచే వచ్చాయి. ఒకటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, మరొకటి షెవ్రొలే కోర్వేర్ మోంజా స్పైడర్. జెట్‌ఫైర్ ఇంజిన్ వేడికి దెబ్బతినకుండా నీళ్లూ మిథనాలూ కలిపిన ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’ పోస్తూ ఉండాలి. యజమానులు మరిచిపోయేవారు. చివరికి చాలా బళ్లకు డీలర్లే టర్బో తీసేసి మామూలు కార్బ్యురేటర్ బిగించి ఇచ్చారు. 1963తో ఆ కారు కథ ముగిసింది.

9. చెరిపేసిన తప్పూ దొరుకుతుంది
1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరి. స్టీరింగు కింద చిన్న స్కానర్ తగిలిస్తే పీ0299 అని వచ్చిందనుకోండి, టర్బో ఒత్తిడి చాలడం లేదని అర్థం. పీ0234 అంటే ఒత్తిడి మితిమీరింది. కోడ్ ఏదీ రాలేదని మురిసిపోకండి. కారు తనంతట తాను చేసుకునే పరీక్షలు, ‘రెడీనెస్ మానిటర్లు’ కూడా చూడండి. వాటిలో చాలా భాగం పూర్తి కాలేదని చూపిస్తే, ఎవరో ఈమధ్యే కోడ్‌లు చెరిపారనో బ్యాటరీ తీశారనో తెలుస్తుంది.

10. అద్దానికి అంటించిన కాగితమే చట్టం
ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం దాదాపు అన్ని రాష్ట్రాల్లో డీలరు ప్రతి పాత కారు మీదా ‘బయ్యర్స్ గైడ్’ అంటించాలి. అందులో ‘యాజ్ ఈజ్’ గడిలో టిక్కుంటే, కొన్నాక వచ్చే రిపేరు ఖర్చంతా మీదే. సొంత మెకానిక్‌తో చూపించుకోవచ్చా అని డీలరును అడగమని కూడా ఆ కాగితమే చెబుతుంది. న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో డీలర్లు అమ్మే పాత కార్లకు కొన్ని హద్దుల్లో చట్టబద్ధమైన వారంటీ ఉంది. వాట్సాప్ గ్రూపులో తెలిసినవాళ్ల దగ్గర కొంటే ఈ గైడ్ నిబంధన వర్తించదు. మొహమాటానికి పోయి మెకానిక్ పరీక్ష మానుకోకండి.

11. పదేళ్ల వారంటీ మీకు రాకపోవచ్చు
హ్యుందయ్, కియా చెప్పుకునే పదేళ్ల, లక్ష మైళ్ల పవర్‌ట్రెయిన్ వారంటీ మొదటి యజమానిది. చేతులు మారితే అది ఐదేళ్లకు, 60,000 మైళ్లకు దిగుతుంది. కంపెనీ సర్టిఫై చేసిన పాత కారైతే మళ్లీ పదేళ్లు దక్కుతాయి, కానీ లెక్క కారు మొదట అమ్ముడైన రోజు నుంచే. ఇక శబ్దాల గొడవ రీకాల్ దాకా పోవడం అరుదు. అవి సర్వీసు బులెటిన్లలో ఉంటాయి. జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్లో 17 అక్షరాల విన్ నంబరు కొడితే ఆ కారుకు ఇంకా సరిచేయని రీకాళ్లు, మోడల్ పేరుతో వెతికితే బులెటిన్లు ఉచితంగా దొరుకుతాయి.

12. బేరానికి ముందు బానెట్ ముట్టుకోండి
చూడ్డానికి వెళ్లేముందే ‘ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచకండి’ అని చెప్పండి. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్ చేసే చప్పుడు మీకు వినిపించకుండా పోయినట్టే. రేడియో, ఏసీ ఆపండి. గోడ పక్కన ఒకసారి అద్దాలు దించి నడపండి, ఎత్తు రోడ్డు మీద ఒకసారి గట్టిగా తొక్కండి. పైపు లీకని తేలితే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. బేరింగని తేలితే ఎంత తగ్గించినా వద్దనండి.