చెవిలో కెమెరా – పై ఏది? కింద ఏది?

చెవిలో గులిమి తీసుకోవడానికి వెనుక పిన్నీసులు, అగ్గిపుల్లలు వాడేవారు. తరువాత దూది పుల్లలు వచ్చాయి. ఇప్పుడు కొనకు చిన్న కెమెరా, దీపం అమర్చిన పుల్లలు అమ్ముతున్నారు. చెవి లోపలి భాగం సెల్‌ఫోను తెరమీద కనబడుతుంది. "చూస్తూనే తీస్తున్నాం కదా, భయమెందుకు?" అని మీరు అనుకోవచ్చు. అలా అనుకోవడమే ప్రమాదం.

తెరమీద పైన కనిపించేదల్లా చెవిలో పైనే ఉండాలని లేదు. చాలా రకాల కెమెరాలలో పుల్లను వేళ్లమధ్య తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది. సగం చుట్టు తిరిగిందంటే పై కిందలు, కుడి ఎడమలు తారుమారవుతాయి. గులిమి వైపు జరుపుతున్నానని మీరనుకుంటారు. పుల్ల ఎదుటి గోడను గీరుతుంది. పైగా ఒంటికన్ను కెమెరాతో లోతు సరిగా తెలియదు. పెద్దవారి చెవి గొట్టం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లే. దాని చివరే కర్ణభేరి ఉంటుంది.

మరి డాక్టర్లకు దిక్కు ఎలా తెలుస్తుంది? ఆరోగ్యంగా ఉన్న కర్ణభేరిపై దీపం వెలుగు పడితే త్రికోణాకారపు మెరుపు కనిపిస్తుంది. కర్ణభేరిని గడియారం ముఖమనుకుంటే, ఆ మెరుపు కుడి చెవిలో 5 అంకె దగ్గర, ఎడమ చెవిలో 7 దగ్గర ఉంటుంది. కుడి చెవిలో అది 11 దగ్గర కనబడితే కెమెరా తలకిందులైందని గ్రహిస్తారు. ఇటువంటి గుర్తులు కంటికి పట్టుబడి, చెయ్యి కుదురుకోవడానికి వారికే ఎంతో సాధన కావాలి.

అసలు గులిమి మురికి కాదు. చెవి గొట్టం చర్మానికి అది రక్షణ. సాధారణంగా తనంత తానే బయటికి వస్తుంది. వెలుపలికి వచ్చినదాన్ని తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు. పిల్లల చెవిలో కెమెరా పుల్ల అసలే పెట్టకండి. పిల్లవాడు ఒక్కసారి తల తిప్పితే కర్ణభేరికి చిల్లు పడవచ్చు.

చెవి దిబ్బడ వేసినా, నొప్పి పుట్టినా, చీము కారినా, వినికిడి తగ్గినా, కళ్లు తిరిగినా చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించండి. చీము కారే చెవిలో నూనెగాని, చుక్కల మందుగాని సొంతంగా వేయకండి.