చేపల తొట్టెకు జంట గొట్టాల తూము

సిమెంటు తొట్టెలలో చేపపిల్లలను పెంచు రైతులకు నీరు పెట్టుట కంటె మురుగు తీయుట కష్టము. మిగిలిన మేత, చేపల పెంట అడుగున చేరి కుళ్లును. అందువలన అమ్మోనియా పెరిగి, నీటిలో ప్రాణవాయువు తగ్గును. పైనీటిని మాత్రమే వదలు తూముతో ఈ మురికి పోదు.

తొట్టె అడుగును మధ్యకు వాలుగా కట్టి, నడుమ 63 మిల్లీమీటర్ల పి.వి.సి. గొట్టమును నిలువుగా బిగించవలెను. దాని ఎత్తే నీటి మట్టము. జిగురుతో అతికించనిచో, దానిని పీకి తొట్టెను ఖాళీ చేయవచ్చును. దీనిపై 110 మిల్లీమీటర్ల గొట్టమును తొడిగి, దాని అడుగున చేపపిల్ల దూరనంత చిన్న రంధ్రములు చేయవలెను. నీరు మురికితో కూడ ఈ రంధ్రముల గుండా వచ్చి, గొట్టాల నడుమ పైకెక్కి, లోగొట్టములో పడును.

పైగొట్టము నీటికి జానెడు ఎత్తున ఉండవలెను. దాని నోటిని ఎన్నడును మూయరాదు. మూసినచో గాలి ఆడక, లోగొట్టము నిండుగా పారి, తొట్టె నీటిని రంధ్రముల వరకు లాగివేయవచ్చును. రాత్రి ఇట్లు జరిగినచో తెల్లవారునప్పటికి చేపలు దక్కవు.

రంధ్రములకు నాచు అడ్డుపడినచో తొట్టె పొర్లి చేపలు బయటపడును. కావున పక్కగోడలో, నీటి మట్టమునకు 5 సెంటీమీటర్ల పైన, జాలీ కట్టిన మరొక గొట్టము ఉంచవలెను. ఇది మామూలుగా పొడిగానే ఉండును. దాని క్రింద ఒక రేకు డబ్బాను బోర్లించుడు. డబ్బాపై నీరు పడు చప్పుడు వినిపించినచో, వెంటనే పోయి రంధ్రములను శుభ్రము చేయుడు.