నొక్కేముందు ఎన్ని ఎంబీలో చూడు మామా!

మా అక్కా బావా సుగ్గికి గుంటూరు పక్క పోయినారు, మిరపకాయలు కోయడానికి. మా కోసిగిలో ఏటా ఉండేదే. డిగ్రీ చదివే మేనల్లుడు మా ఇంట్లో ఉన్నాడు. వాడిదో పాత లాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. 11 దానికి ఎక్కదు. "లైనక్స్ వేద్దాం లేరా" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

వేసిన రోజే దెబ్బ తిన్నా. అప్‌డేట్లు వచ్చాయని తెర మీద కనపడగానే అన్నీ ఎక్కించమని నొక్కేశా. నెట్ ఏమో ఫోన్ హాట్‌స్పాట్, రోజుకు ఒకటిన్నర జీబీ. సాయంత్రానికి డాటా సున్నా. రాత్రి అక్క వీడియో కాల్ కలవలేదు. మామూలు ఫోన్లో మాట్లాడింది గానీ కొడుకు మొహం చూసుకోలేదు. వాడు నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ డిస్ట్రో పేరు చెప్పను. సైజు చూడకుండా నొక్కింది నేనే కదా!

తర్వాత ఆదివారాలు కూర్చుని ఒక్కో డిస్ట్రో వేసి చూశా. ఉబుంటులో 'సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్' ఉంది. వివరాలు తెరిస్తే జాబితా, టిక్కులు, ఎన్ని ఎంబీలు దిగాలో లెక్క కనపడతాయి. కాకపోతే సెక్యూరిటీ అప్‌డేట్లు తెర వెనుక వాటంతటవే ఎక్కేలా ముందే అమర్చి ఉంటుంది. స్నాప్ యాప్‌లు కూడా రోజుకు 4 సార్లు కొత్తది వచ్చిందా అని వెతుక్కుంటాయి. వైఫై ఉన్న ఇంటికి హాయి, మాకు కాదు.

ఫెడోరాలో 'గ్నోమ్ సాఫ్ట్‌వేర్' అన్నీ ముందే దించుకుని, రీస్టార్ట్ చేసేటప్పుడు ఇంకే ప్రోగ్రామూ నడవకుండా ఎక్కిస్తుంది. పద్ధతైన పని. వైఫై సెట్టింగుల్లో 'మీటర్డ్' అని పెడితే తనంతట తాను దించుకోదు. ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్‌ను చాలాసార్లు తనే పసిగడుతుంది కూడా. ఇది నాకు బాగా నచ్చింది. మంజారోలో 'పమాక్' చూడ్డానికి ముద్దుగానే ఉంది గానీ, అది ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు తెచ్చే రకం. మూటలు పెద్దవి.

చివరికి మింట్ దగ్గర ఆగాం. అప్‌డేట్ మేనేజర్ కింది మూలన డాలు గుర్తుగా కూర్చుంటుంది. మనం మార్చకపోతే, అడగకుండా ఏదీ ఎక్కించదు. సెక్యూరిటీవి, కెర్నల్‌వి వేర్వేరు గుర్తులతో చూపిస్తుంది. టిక్కు పెట్టినవాటి మొత్తం సైజు కిందనే ఉంటుంది. అన్నిటికన్నా ముందు, టైమ్‌షిఫ్ట్‌తో స్నాప్‌షాట్ తీసి పెట్టుకోమంటుంది. డిస్కులో జాగా తింటుంది, మన ఫోటోలూ ఫైళ్లూ మామూలుగా అందులోకి రావు, అయినా పెట్టుకోండి. మూడో వారమే మాకు అక్కరకొచ్చింది. అప్‌డేట్ సగంలో కరెంటు పాయె. మళ్లీ వేస్తే నల్ల తెర. మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అందులోనే ఉన్న టైమ్‌షిఫ్ట్‌తో ముందురోజు స్థితికి తెచ్చాం.

నిన్న డాలు మీద మళ్లీ చుక్క పడింది. మేనల్లుడే సైజు చూశాడు.

"రెండొందల ఎంబీ పైనే ఉంది. నొక్కేదా మామా?"

"అమ్మతో మాట్లాడినాక నొక్కు" అన్నాను.